రోహిణి కార్తెలో 33.5 డిగ్రీలు: టీఎస్ మ్యుటెంట్ కణాల్లో ఆర్‌ఎన్‌ఏ లోపాన్ని ఎలా పట్టుకోవాలి

వేడికి లొంగిపోయే మ్యుటెంట్ కణాలతో పని మొదలుపెట్టాలనుకుంటే, ప్రోటోకాల్ కన్నా ముందు మీ గదిలో ఎంత వేడి ఉందో చూసుకోండి. ల్యాబుల్లో టీఎస్ (టెంపరేచర్ సెన్సిటివ్) కణాలు అని పిలిచే ఈ రకం 33, 34 డిగ్రీల దగ్గర మామూలుగా పెరుగుతుంది. 39, 40 డిగ్రీలకు తీసుకెళ్తే ఏదో ఒక ప్రొటీన్ పని మానేస్తుంది, దాంతో కణం ఆగిపోతుంది. చల్లటి ఊళ్ళలో రాసిన ప్రోటోకాల్స్ ఎక్కువగా పై ఉష్ణోగ్రత గురించే జాగ్రత్తలు చెబుతాయి. బెజవాడ, గుంటూరుల్లో ఆ బాధ లేదు. మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళే చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో 33.5 డిగ్రీలను రాత్రీ పగలూ నిలబెట్టడమే మనకు అసలు పని. అది చేతనైతే మిగతా ప్రయోగం సగం అయినట్టే.

ఇంత కష్టం ఎందుకంటే, కణానికి ప్రాణాధారమైన జన్యువును పూర్తిగా తీసేస్తే కణమే ఉండదు, ఇక చూడటానికి ఏమీ మిగలదు. టీఎస్ మ్యుటెంట్లలో సాధారణంగా ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంటుంది. తక్కువ వేడిలో ఆ ప్రొటీన్ తన రూపం నిలుపుకుంటుంది, వేడి పెరిగితే వదిలేస్తుంది. అంటే ప్రాణాధారమైన పనిని మనకు కావలసిన గంటలో ఆపి, ఆ తర్వాత ఏమేం జరుగుతుందో వరుసగా చూడవచ్చు. కొన్ని మ్యుటెంట్లలో చల్లబరిస్తే ప్రొటీన్ మళ్ళీ పేరుకున్న నెయ్యిలా రూపానికి వస్తుంది. కొన్నిటిలో పాత ప్రొటీన్ నాశనమైపోతుంది, కణం కొత్తది తయారుచేసుకోవాల్సిందే. మీ దగ్గరున్న లైన్ (ఒకే మూలం నుంచి ల్యాబ్‌లో పెంచుతూ వస్తున్న కణాలు) ఏ రకమో ముందే తెలిస్తే ప్రయోగం వేళలు వేసుకోవడం తేలిక.

ఏ కణాలు తెచ్చుకోవాలి

ఈ రంగంలో ఎక్కువ పని జరిగింది బీహెచ్‌కే-21 కణాల మీద. 1961లో గ్లాస్గోలో మెక్‌ఫెర్సన్, స్టోకర్ సిరియన్ హ్యామ్‌స్టర్ పిల్లల కిడ్నీల నుంచి ఈ లైన్ తీశారు. పశువుల డాక్టర్లకు ఇది పరిచయమే, గాలికుంటు టీకా తయారయ్యేది ఈ కణాల్లోనే. 1970లలో న్యూయార్క్‌లో క్లాడియో బసిలికో బృందం వీటి నుంచి టీఎస్ మ్యుటెంట్లు ఏరింది. ఏరిన పద్ధతి క్లుప్తంగా ఇది: కణాలకు మ్యుటేషన్లు కలిగించే రసాయనం ఇస్తారు, తక్కువ ఉష్ణోగ్రతలో కొన్నాళ్ళు పెంచుతారు, తర్వాత వేడికి మార్చి, డీఎన్‌ఏ తయారుచేసుకుంటున్న కణాలను మాత్రమే చంపే మందు వేస్తారు. వేడికి ఆగిపోయినవి ఆ మందు నుంచి తప్పించుకుంటాయి. మందు కడిగేసి మళ్ళీ చల్లటి ఇన్‌క్యుబేటర్‌లో పెడితే అవి కాలనీలవుతాయి. మీరు ఈ ఏరివేత జోలికి వెళ్ళకండి. ఆ రసాయనాలు ప్రమాదకరమైనవి, పైగా ఇప్పటికే జన్యువు తేలిన లైన్లు ఉన్నాయి.

ఆర్‌ఎన్‌ఏ విషయంలో ముఖ్యమైనవి నాలుగు.

422ఇ: 1973లో దీని సంగతి అచ్చయింది. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల్లో ఉండేది రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ. వేడిలో అందులో 18ఎస్ ముక్క తయారవుతూనే ఉంటుంది, 28ఎస్ మాత్రం రాదు. రెండూ ఒకే పొడవాటి పూర్వరూపం నుంచి కోసి తీసినవే కదా, ఒకటి వచ్చి ఒకటి రాకపోవడమే ఇందులో పాఠం.

టీఎస్-ఏఎఫ్8: ఇది వేడిలో జీ1 దశలో, అంటే డీఎన్‌ఏ నకలు మొదలుకాక ముందే, ఆగుతుంది. ప్రొటీన్ తయారీకి సందేశం మోసే ఎంఆర్‌ఎన్‌ఏను రాసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 దీనిలో దెబ్బతింటుంది.

టీఎస్13: ఇదీ జీ1లోనే ఆగుతుంది. దీని జన్యువును మొదట సీసీజీ1 అన్నారు. 1993లో అది ట్రాన్‌స్క్రిప్షన్‌ను, అంటే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ రాయడాన్ని, మొదలుపెట్టించే టీఎఫ్-2డి సముదాయంలోని పెద్ద ప్రొటీనే అని తేలింది, ఇప్పుడు టీఏఎఫ్1 అంటున్నాం. చిత్రమేమిటంటే ఇందులో మొత్తం ఎంఆర్‌ఎన్‌ఏ పడిపోదు, సైక్లిన్ ఏ లాంటి కొన్ని జన్యువులవే పడిపోతాయి.

టీఎస్-బీఎన్2: తకెహారు నిషిమోతో, బసిలికో కలిసి తీసిన లైన్. లోపం ఆర్‌సీసీ1 అనే ప్రొటీన్‌లో, 256వ స్థానంలో సెరీన్ బదులు ఫినైల్‌అలనిన్. 1991లో ఈ ఆర్‌సీసీ1 చేసే పని తెలిసింది: రాన్ అనే చిన్న ప్రొటీన్‌కు జీటీపీ ఎక్కిస్తుంది. కేంద్రకం లోపలికీ బయటికీ జరిగే రవాణా చాలావరకు దాని మీదే నడుస్తుంది. అందుకే వేడిలో ఈ కణాల ఎంఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలోనే పోగుపడుతుంది.

మొదటిసారి చేసేవాళ్ళకు నేను చెప్పేది టీఎస్-బీఎన్2. దీని లోపం మైక్రోస్కోప్‌లో కంటికి కనిపిస్తుంది. పెద్ద యంత్రాలు లేని కాలేజీ ల్యాబ్‌లో ఇది చాలా పెద్ద లాభం. పాత ల్యాబుల నుంచి గానీ విదేశీ సెల్ బ్యాంకుల నుంచి గానీ తెప్పించాలి కాబట్టి మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీతో ముందే మాట్లాడండి, కాగితాలకు నెలలు పడుతుంది. మామూలు బీహెచ్‌కే-21 కణాలు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం ఎన్‌సీసీఎస్‌లో దొరుకుతాయి. అయితే కంట్రోల్‌గా వాడటానికి మ్యుటెంట్ ఏ సబ్‌క్లోన్ నుంచి పుట్టిందో అదే ఉంటే మేలు. మ్యుటెంట్ పంపే వాళ్ళనే తల్లి లైన్ కూడా ఒక వయల్ పంపమని అడగండి, సాధారణంగా కాదనరు.

33.5ను నిలబెట్టడం

మామూలు కార్బన్ డయాక్సైడ్ ఇన్‌క్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం రాదు. గది ఉష్ణోగ్రత కన్నా కనీసం 5 డిగ్రీలు పైన సెట్ చేస్తేనే అది నిలకడగా ఉంటుందని చాలా యంత్రాల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. అంటే 33.5 కావాలంటే గది 28 దాటకూడదు. ఏసీ 24 దగ్గర పెట్టి, రాత్రి కూడా ఆపకుండా నడపాలి.

ప్రమాదం వచ్చేది కరెంటు పోయినప్పుడు. చాలా ల్యాబుల్లో యూపీఎస్ మీద ఇన్‌క్యుబేటర్ ఉంటుంది, ఏసీ ఉండదు. కరెంటు పోగానే ఇన్‌క్యుబేటర్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చూసేవాళ్ళకు అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. ఈలోగా గది 36కో 38కో చేరుతుంది. దాంతోపాటు లోపలి ఉష్ణోగ్రతా పెరుగుతుంది. 37 దగ్గర మామూలు కణాలకు పండగే. టీఎస్ కణాలకు మాత్రం అప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి జనరేటర్ లైన్‌లో ఏసీని కూడా చేర్చమని మీ డిపార్ట్‌మెంట్ వాళ్ళను గట్టిగా అడగండి. అది కుదరకపోతే బీఓడీ ఇన్‌క్యుబేటర్‌ను రెండో దారిగా పెట్టుకోండి. ప్రతి మైక్రోబయాలజీ ల్యాబ్‌లోనూ ఒకటి ఉంటుంది, దానికి చల్లబరచడం వచ్చు. 25 మిల్లీమోలార్ హెపెస్ కలిపిన మీడియం పోసి, ఫ్లాస్క్ మూత గట్టిగా బిగించి 33.5లో పెడితే కార్బన్ డయాక్సైడ్ లేకుండానే కణాలు కొన్ని రోజులు నిక్షేపంగా ఉంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక ఫ్లాస్క్‌ను ఎప్పుడూ ఇలా విడిగా ఉంచడం మంచి అలవాటు.

డిస్‌ప్లే మీద అంకెను నమ్మకండి. ఒక సీసాలో నీళ్ళు పోసి, క్యాలిబ్రేట్ చేసిన థర్మామీటర్ అందులో ముంచి, కణాలు ఉండే అరలోనే పెట్టండి. పై అరకూ కింది అరకూ తేడా కూడా చూడండి. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ దొరికితే ఇంకా నయం, రాత్రి మీరు లేనప్పుడు ఏం జరిగిందో పొద్దున చెబుతుంది.

మీడియం, ట్రిప్సిన్ వాటర్ బాత్‌లో 37కు వేడి చేయడం మనకు చేతి అలవాటు. ఈ కణాలకు ఆ అలవాటు మానేయాలి. వేసవిలో వాటర్ బాత్ స్విచ్ వేయకపోయినా నీళ్ళు 35 దాటి ఉంటాయి. మీడియం సీసాను అరగంట ముందు 33.5 ఇన్‌క్యుబేటర్‌లో పెడితే సరిపోతుంది. ఫ్లాస్కులను ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కు తీసుకెళ్ళాలంటే థర్మాకోల్ పెట్టెలో పెట్టి, పొద్దున పూటే తీసుకెళ్ళండి.

వయల్ వచ్చిన రోజు, ఆ తర్వాతి వారాలు

డ్రై ఐస్‌లో వచ్చే పార్శిల్ శుక్రవారం హైదరాబాద్ చేరి సోమవారం దాకా గోడౌన్‌లో ఉండకుండా చూసుకోండి. వారం మొదట్లో పంపమని ముందే రాయండి. వయల్‌ను 37 డిగ్రీల నీళ్ళలో ఒక నిమిషం, నిమిషంన్నర ఉంచి కరిగించవచ్చు, ఆ కాస్త సేపు ఏం కాదు. కాకపోతే చిన్న మంచు ముక్క మిగిలి ఉండగానే తీసేయాలి. 10 శాతం సీరం ఉన్న మీడియంలో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో నెమ్మదిగా తిప్పి, గడ్డకట్టించేటప్పుడు కలిపిన డీఎంఎస్ఓ ద్రవాన్ని తీసేసి 33.5లో పెట్టండి. పెరుగుదల మామూలు బీహెచ్‌కే కన్నా బాగా నెమ్మదిగా ఉంటుంది. కంగారుపడి ఉష్ణోగ్రత పెంచకండి.

నిండగానే మొట్టమొదట చేయాల్సింది ప్రయోగం కాదు, బ్యాంకు. కనీసం పది వయల్స్ 10 శాతం డీఎంఎస్ఓలో గడ్డకట్టించి ద్రవ నైట్రోజన్‌లో దాచండి. ఈ పనంతా ఉగాది లోపు అయిపోయేలా చూసుకుంటే వేసవిలో ఏం జరిగినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది. మీ కాలేజీలో నైట్రోజన్ సరఫరా లేకపోతే పశుసంవర్ధక శాఖ వాళ్ళను అడిగి చూడండి. ఎదలో ఉన్న పశువులకు ఇచ్చే వీర్యం స్ట్రాలు దాచేది ఇదే నైట్రోజన్ జాడీల్లో కాబట్టి అది ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

తర్వాత మైకోప్లాస్మా టెస్ట్. ఏ కణాలకైనా చేయాల్సిందే, ఆర్‌ఎన్‌ఏ పనికి మాత్రం తప్పించుకోలేం. మైకోప్లాస్మాలు కణాల్లో దాక్కునే చిన్న బ్యాక్టీరియాలు. వాటిలో చాలావాటికి ఆర్‌ఎన్‌ఏకు ముడిసరుకైన యురిడిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. మీరు కొత్త ఆర్‌ఎన్‌ఏను గుర్తుపట్టడానికి వేసే యురిడిన్ లేబుల్‌ను అవి మధ్యలోనే మింగేస్తాయి. కణంలో ఆర్‌ఎన్‌ఏ తయారీ పడిపోయిందని మీరు రాసుకుంటారు, నిజానికి కణం బాగానే ఉంటుంది. పీసీఆర్ టెస్ట్ చేయండి. హెక్స్ట్ లాంటి డీఎన్‌ఏ రంగు వేసి కేంద్రకం బయట చుక్కలున్నాయేమో కూడా చూడండి.

బాగా పెరిగిన ప్లేటును అనుమానించండి

ఇక్కడ కాస్త ఆగి చదవండి, వేడి ఊళ్ళో ఈ కణాలు పాడయ్యేది ఇలాగే.

ఒక్క అక్షరం మార్పుతో వచ్చిన లోపం మరొక మార్పుతో సరి కావచ్చు. లక్షల కణాల్లో ఎక్కడో ఒకటో రెండో అలా బాగుపడి ఉంటాయి, వాటిని రివర్టెంట్లు అంటాం. 33.5లో అవి మిగతావాటితో సమానంగానే పెరుగుతాయి, గుంపులో కలిసిపోయి ఉంటాయి. ఒక రాత్రి ఇన్‌క్యుబేటర్ 39కి వెళ్ళిందనుకోండి. మ్యుటెంట్లు ఆగుతాయి, కొన్ని చస్తాయి. రివర్టెంట్లు మాత్రం హాయిగా విభజన చెందుతాయి. అలా రెండు మూడుసార్లు జరిగితే మీ ఫ్లాస్క్‌లో వాటి వాటా పెరిగిపోతుంది. కణాలు చచ్చిపోతే మీకు తెలుస్తుంది, పారేసి కొత్త వయల్ తీస్తారు. ఇక్కడ ఏమీ చచ్చినట్టు కనిపించదు. పైగా కణాలు ముందుకన్నా చురుగ్గా పెరుగుతాయి, అందరూ సంతోషిస్తారు. టీఎస్ కణాలు ఉన్నట్టుండి జోరందుకుంటే అది మంచి శకునం కాదు.

దీన్ని పట్టుకోవడానికి చవకైన పరీక్ష ఉంది. ఒక ప్లేటులో 200 కణాలు వేసి 33.5లో పెట్టండి. ఇంకో ప్లేటులో 200, మరో ప్లేటులో లక్ష కణాలు వేసి 39.5లో పెట్టండి. వేడి ప్లేట్లను వారం, పది రోజులకు, చల్లటి ప్లేటును రెండు వారాలకు తీసి క్రిస్టల్ వయొలెట్ వేయండి. చల్లటి ప్లేటులో కాలనీలు నిండుగా ఉండాలి. వేడిలో 200 కణాల ప్లేటు ఖాళీగా ఉండాలి, లక్ష కణాల ప్లేటులో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఉంటే ఫర్వాలేదు. ఈ చివరి ప్లేటు నిండా ఊదారంగు చుక్కలుంటే ఆ ఫ్లాస్క్ మ్యుటెంట్ కాదు, పారేసి బ్యాంకులో నుంచి కొత్త వయల్ తీయండి. కరెంటు ఎక్కువసేపు పోయిన ప్రతిసారీ, కొత్త ప్రయోగాల వరుస మొదలుపెట్టే ప్రతిసారీ ఈ మూడు ప్లేట్లు వేయండి. ఆ ప్లేట్ల ఫొటో నోట్‌బుక్‌లో అతికించి ఉంటే తర్వాత మీ ఫలితాన్ని ఎవరూ ప్రశ్నించలేరు.

లక్ష కణాల ప్లేటులో మిగిలిన ఒకటో రెండో కాలనీలను మాత్రం పారేయకండి. తీసి, పెంచి, దాచండి. అసలైన రివర్టెంట్ చాలా గొప్ప కంట్రోల్, ఎందుకో తర్వాత చెబుతాను.

వేడికి మార్చే రోజు

ముందు రోజు కణాలు ప్లేటులో వేయండి, సగానికి పైగా నిండినవి తీసుకోండి. పూర్తిగా నిండిన ప్లేటులో ఆర్‌ఎన్‌ఏ తయారీ ఎలాగూ తగ్గుతుంది. 33.5లో ఉన్న ప్లేటును తీసి 39.5 ఇన్‌క్యుబేటర్‌లో పెట్టేసి స్టాప్‌వాచ్ నొక్కడం సరైన పద్ధతి కాదు. గాలి నుంచి మీడియంకు వేడి ఎక్కడానికి చాలా సేపు పడుతుంది. ఆ సేపంతా కణం ఏ ఉష్ణోగ్రతలో ఉందో మీరు చెప్పలేరు. 39.5లో ముందుగానే వేడై, కార్బన్ డయాక్సైడ్‌కు కూడా అలవాటుపడిన మీడియంను పాత మీడియం తీసి పోయండి. ఇన్‌క్యుబేటర్ అరలో ఒక మందపాటి అల్యూమినియం పలకను ముందు రాత్రే పెట్టి ఉంచి, ప్లేటును దాని మీద పెట్టండి. వేడి అడుగు నుంచి త్వరగా ఎక్కుతుంది. తలుపు మాటిమాటికీ తీయకుండా, ఏ గంటకు తీయాల్సిన ప్లేటును ఆ వరుసలో పేర్చుకోండి.

39.5 దాటనివ్వకండి. 42, 43 దగ్గర మామూలు కణాల్లో కూడా హీట్ షాక్ వస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని ఇంట్రాన్ భాగాలు తీసేసి అతికే స్ప్లైసింగ్ ఆగుతుంది, రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ కోత ఆగుతుంది. అప్పుడు మీరు చూసేది మ్యుటేషన్ ఫలితం కాదు, వేడి ఫలితం. అందుకే ప్రతి ప్రయోగంలో నాలుగు ప్లేట్లు తప్పనిసరి: మ్యుటెంట్ చల్లగా, మ్యుటెంట్ వేడిగా, తల్లి లైన్ చల్లగా, తల్లి లైన్ వేడిగా. వేడిలో తల్లి లైన్ మారకుండా ఉండి మ్యుటెంట్ మాత్రమే మారితేనే ఆ మార్పు మ్యుటేషన్‌ది.

కొత్త ఆర్‌ఎన్‌ఏను విడిగా చూడటం

చాలామంది పొరపడే చోటు ఇది. 422ఇ లాంటి కణాలను వేడిలో 12 గంటలు ఉంచి, మొత్తం ఆర్‌ఎన్‌ఏ తీసి జెల్ మీద నడిపి చూస్తే 28ఎస్, 18ఎస్ రెండు పట్టీలూ చక్కగా కనిపిస్తాయి. లోపమేమీ లేదనిపిస్తుంది. కణంలో ఉన్న రైబోజోములు రోజుల తరబడి చెక్కుచెదరవు. మీరు చూస్తున్నది నిన్నటి, మొన్నటి ఆర్‌ఎన్‌ఏ. ఈ 12 గంటల్లో పుట్టింది అందులో ఎంతో కొంత మాత్రమే. అందుకే కొత్తగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏకు గుర్తు వేసి, దాన్నే చూడాలి.

పాత రోజుల్లో ట్రిషియం యురిడిన్ వాడేవారు. ఇప్పుడు రేడియోధార్మిక పదార్థాలకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతులు కావాలి, చిన్న ల్యాబ్‌కు ఆ శ్రమ అక్కర్లేదు. రంగు అతికించడానికి వీలైన ఇథైనిల్ యురిడిన్ తెచ్చుకోండి. దీన్ని 0.5 నుంచి 1 మిల్లీమోలార్ చొప్పున అరగంట, గంట ఉంచి, ఫార్మాల్డిహైడ్‌తో కణాలను స్థిరపరిచి, రాగి సాయంతో జరిగే క్లిక్ రియాక్షన్‌లో మెరిసే రంగు అతికిస్తారు. లేబుల్ కూడా అదే ఉష్ణోగ్రతలో ఉన్న మీడియంలోనే కలపాలి, ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియంలో కలిపితే అది మళ్ళీ వేడెక్కే సేపంతా వృథా.

మైక్రోస్కోప్‌లో చూసేటప్పుడు కేంద్రకం మొత్తం వెలుగును ఒకే అంకెగా కొలవకండి. కేంద్రకంలో రెండు మూడు ముద్దల్లా బాగా మెరిసేవి న్యూక్లియోలస్‌లు, అక్కడ రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. వాటి చుట్టూ పల్చగా పరుచుకున్న వెలుగు ఎక్కువగా పాలిమరేజ్-2 పని. టీఎస్-ఏఎఫ్8లో ముందు మసకబారేది ఈ పల్చటి వెలుగు, ముద్దలు ఇంకా మెరుస్తూనే ఉంటాయి. రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏను రాసే పాలిమరేజ్-1 దెబ్బతింటే దీనికి తలకిందులుగా ఉంటుంది. ఈ తేడాను కళ్ళకు అలవాటు చేసుకోవడానికి తల్లి లైన్‌లో ఒక ప్లేటుకు యాక్టినోమైసిన్ డి మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల చొప్పున వేయండి. ఆ తక్కువ మోతాదులో అది ముఖ్యంగా న్యూక్లియోలస్ పనినే ఆపుతుంది. ఇథైనిల్ యురిడిన్ అసలు వేయని ప్లేటు కూడా ఒకటి ఉండాలి, లేకపోతే రంగు తనంతట తాను ఎంత అంటుకుంటుందో తెలియదు.

టీఎస్-బీఎన్2కు ఇంకో పరీక్ష ఉంది. ఎంఆర్‌ఎన్‌ఏ తోకలో వరుసగా అడినిన్‌లు ఉంటాయి కాబట్టి, మెరిసే రంగు తగిలించిన థైమిడిన్‌ల ముక్క వాటికి అతుక్కుంటుంది. వేడిలో 0, 2, 4, 6 గంటల ప్లేట్లను ఇలా చూస్తే, మొదట కణమంతా పరుచుకుని ఉన్న వెలుగు క్రమంగా కేంద్రకంలోకి చేరి కనిపిస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ పుట్టడం ఆగలేదు, గడప దాటలేకపోయింది. కొన్ని కణాల్లో డీఎన్‌ఏ నకలు పూర్తి కాకముందే క్రోమోజోములు దగ్గరపడటం కూడా కనిపిస్తుంది. ఇది టీఎస్-బీఎన్2కు పేరు తెచ్చిన లక్షణమే, చూసి గాబరాపడకండి. అలాంటి కణాలను విడిగా లెక్కపెట్టుకోండి, ఎందుకంటే క్రోమోజోములు అలా దగ్గరపడిన చోట ఆర్‌ఎన్‌ఏ తయారీ ఎలాగూ ఉండదు.

ఆర్‌ఎన్‌ఏ తీసి జెల్ మీద నడపడం

కణాలను కరిగించి ఆర్‌ఎన్‌ఏ తీసే ట్రైజాల్ పద్ధతి అందరికీ తెలిసిందే, మన ఎండలకు సంబంధించినవి మాత్రం చెబుతాను. ప్లేటు తీయగానే మీడియం వంచేసి నేరుగా ప్లేటులోనే ట్రైజాల్ పోయండి. ట్రిప్సిన్ వేసి కణాలు లేపితే ఆ అయిదు నిమిషాల్లో ఉష్ణోగ్రత మారిపోతుంది. క్లోరోఫామ్ కలిపాక సెంట్రిఫ్యూజ్ కచ్చితంగా 4 డిగ్రీల్లోనే తిప్పాలి, 12,000 జీ దగ్గర 15 నిమిషాలు. చల్లదనం లేకపోతే పై పొరలో ఫినాల్ మిగిలిపోయి, తర్వాత ప్రతి మెట్టులోనూ ఇబ్బంది పెడుతుంది. చెమట ఆర్‌ఎన్‌ఏకు శత్రువు. గ్లౌజ్ లోపల చెయ్యి తడిసి మణికట్టు దగ్గర కారుతుంటే గ్లౌజ్ మార్చండి, నుదురు తుడుచుకున్న గ్లౌజ్‌తో ట్యూబ్ మూత తీయకండి.

జెల్ మీద రైబోజోమల్ పూర్వరూపాలు చూడాలంటే నార్తర్న్ బ్లాట్ చేయాలి, అంటే జెల్ మీది ఆర్‌ఎన్‌ఏను ఒక పొర మీదికి ఎక్కించి, దానికి సరిపోయే ప్రోబ్ అనే ముక్కతో వెతకాలి. 45ఎస్ నుంచి కోతలు పడి ఒక దారిలో 32ఎస్, దాని నుంచి 28ఎస్, 5.8ఎస్ వస్తాయి. ఇంకో దారిలో 18ఎస్ వస్తుంది. చివరి ఆర్‌ఎన్‌ఏలో ఉండకుండా కోసి పారేసే భాగాలకు ప్రోబ్ పెడితే పూర్వరూపాలు మాత్రమే కనిపిస్తాయి, పాత రైబోజోములు అడ్డురావు. ప్రోబ్ క్రమం ఎక్కడి నుంచి తీసుకుంటున్నారో చూసుకోండి. బీహెచ్‌కే సిరియన్ హ్యామ్‌స్టర్‌ది, సీహెచ్‌ఓ చైనీస్ హ్యామ్‌స్టర్‌ది. కోసి పారేసే ఈ భాగాలు జాతి జాతికీ బాగా మారతాయి, మనిషివో ఎలుకవో పెడితే బ్లాట్ ఖాళీగా వస్తుంది. 5ఎస్ ఆర్‌ఎన్‌ఏను వేరే పాలిమరేజ్ రాస్తుంది కాబట్టి దాన్ని కూడా ఒక పక్క చూసుకుంటే మంచి పోలిక.

ఇది నిజంగా ఆర్‌ఎన్‌ఏ లోపమేనా

వేడిలో 24 గంటలున్న ఏ టీఎస్ కణంలోనైనా ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ, ప్రొటీన్ అన్నీ పడిపోతాయి. ఆగిపోయిన కణంలో అన్నీ ఆగుతాయి మరి. ఆ గంట దగ్గర కొలిచి ఆర్‌ఎన్‌ఏ లోపం అని రాయకూడదు. 1, 2, 4, 8, 12 గంటల దగ్గర మూడూ కొలవండి, ముందు ఏది వంగిందో చూడండి. మూల లోపానికి దగ్గరగా ఉన్నదే ముందు వంగుతుంది.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ కోతలు సరిగ్గా పడాలంటే కొత్త రైబోజోమల్ ప్రొటీన్లు అందుతూ ఉండాలి. ప్రొటీన్ తయారీ ఆగితే కోతలు కూడా కొద్దిసేపట్లోనే గాడి తప్పుతాయి. సీహెచ్‌ఓ కణాల్లో టీఎస్-హెచ్1 అనే మ్యుటెంట్ ఉంది, దాని లోపం లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని, దాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏకు తగిలించే ఎంజైమ్‌లో. అంటే వేడిలో మొదట ఆగేది ప్రొటీన్ తయారీ. అలాంటి కణంలో రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ మాత్రమే చూస్తే తప్పు జన్యువును వెతుక్కుంటూ వెళ్తారు. తల్లి లైన్‌కు ప్రొటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ ఇచ్చిన ప్లేటు ఒకటి పక్కన పెట్టుకోండి. మీ మ్యుటెంట్ బ్లాట్ అచ్చం దానిలాగే ఉంటే ముందు ప్రొటీన్ తయారీని పరీక్షించాలి.

లేబుల్ తక్కువగా అంటుకుంటే తయారీ తగ్గిందని వెంటనే అనుకోకండి. కణం లోపలికి యురిడిన్ వెళ్ళడమే తగ్గి ఉండవచ్చు. లేబుల్ ఇవ్వకుండా, ఎంఆర్‌ఎన్‌ఏల్లో ఇంకా తీసేయని ఇంట్రాన్ భాగాలను పీసీఆర్‌తో కొలిస్తే ఈ సందేహం తీరుతుంది.

సరిచేసి చూపడం

చివరి మెట్టు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మనిషి జన్యువును హ్యామ్‌స్టర్ టీఎస్ కణంలోకి పంపి, 39.5లో పెరిగిన కాలనీలను ఏరడం ద్వారానే 1980లలో ఆర్‌సీసీ1, సీసీజీ1 దొరికాయి. మీరూ అదే చేయండి. టీఎస్-బీఎన్2లోకి మామూలు ఆర్‌సీసీ1 ఉన్న ప్లాస్మిడ్ (జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ), ఇంకో ప్లేటులో ఖాళీ ప్లాస్మిడ్ పంపండి. రెండు రోజులు 33.5లోనే ఉంచి, కొత్త ప్రొటీన్ తయారయ్యాక 39.5కు మార్చండి. ఆర్‌సీసీ1 ప్లేటులో కాలనీలు రావాలి. ఖాళీ ప్లాస్మిడ్ ప్లేటులో కూడా రెండు మూడు వస్తాయి, అవి రివర్టెంట్లు, ఈ ప్లేటు పెట్టేది వాటి లెక్క తెలియడానికే.

కాలనీలు వచ్చాక అక్కడితో ఆపకండి. కనీసం మూడు కాలనీలను వేరుగా పెంచి, ప్లాస్మిడ్ జన్యువు నిజంగా ఉందో లేదో పీసీఆర్‌తో చూసి, ఎంఆర్‌ఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి వస్తోందో లేదో మళ్ళీ అదే థైమిడిన్ ప్రోబ్‌తో చూడండి. దాచమన్న రివర్టెంట్‌ను ఇప్పుడు తీయండి. దానిలో ఆర్‌సీసీ1 జన్యువును సీక్వెన్స్ చేయించండి. 256వ స్థానంలో సెరీన్ తిరిగి వచ్చి ఉండి, పెరుగుదల, ఎంఆర్‌ఎన్‌ఏ రవాణా రెండూ ఒకేసారి బాగుపడి ఉంటే, ఆ ఒక్క మార్పే రెండు లోపాలకూ కారణమని ప్లాస్మిడ్ మీద ఆధారపడకుండానే చూపించినట్టు. సీక్వెన్సింగ్‌కు పంపే ముందు ఆ రివర్టెంట్‌వీ, సరిచేసిన మూడు క్లోన్లవీ వయల్స్ నైట్రోజన్‌లోకి వెళ్ళాయో లేదో చూసుకోండి. ఈ కణాలు పెరగడానికి 37 డిగ్రీలు చాలు, మామూలు ఇన్‌క్యుబేటర్‌లోనే పెంచుకోవచ్చు.